కూత కంటే ముందు

మొన్న ఎండాకాలం నిజామాబాద్‌లో కథకుల సభకు నన్ను పిలిచారు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం అది. నేను ఆడపిల్లల బడిలో టీచరును, ఓ పదిహేను కథలు రాశాను, ఆ లెక్కన నేనూ పెద్దమనిషినే. నాకిచ్చిన అంశం 'కథలో కాలం'. కొత్తగా రాస్తున్న ఒకాయన లేచి, "కథను మధ్యలోంచి ఎత్తుకుంటే దెబ్బ గట్టిగా తగులుతుంది కదా మేడం?" అని అడిగాడు.

తగులుతుంది నాయనా, ఎందుకు తగలదు! ఆ దెబ్బ ఎవరికి తగిలిందో కళ్లారా చూసినదాన్ని. ఒళ్లు మండిపోయి "కూర్చో" అని కసిరాను. పాపం, అతను బిక్కచచ్చిపోయాడు. అతని తప్పేం లేదు. ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను, అతని కంటే ఎక్కువ పొగరుగా అన్నాను. సభలో ఈ సంగతి చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఈసారి మొదటి నుంచి రాస్తాను.

నాకు కథ చెప్పడం నేర్పింది ముత్తవ్వ. బోధన్ దగ్గరి చెరుకు పల్లెల్లో ఒకటి మా ఊరు. మా బాపు అక్కడ బడిపంతులు, ముత్తవ్వది మా పక్కిల్లు. నాకంటే పదేళ్లు పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ చావు జరిగిన ఇంట్లో ఆమె కూర్చుని శోకం పెడితే దారినపోయే బండ్లు ఆగేవి. మా ఊళ్లో పీనుగ దగ్గర ఆడవాళ్లు ఊరికే ఏడవరు. పోయినవాళ్ల బతుకంతా, పుట్టిన దగ్గర నుంచి పోయిన ఘడియ దాకా, వరుసగా చెప్పుకుంటూ ఏడుస్తారు. మంచీ చెప్తారు, చెడూ చెప్తారు. శవం ముందు దాచిన సంగతి శవంతో పోదనీ, ఇంట్లోనే ఉండిపోతుందనీ ముత్తవ్వ అనేది.

ఆమె మొగుడు రాజలింగు. రెండెకరాల చెరుకు, ఒక జత ఎడ్లు, వాటికి పదింతల కోపం. ఎడ్లను కొట్టేవాడు, ముత్తవ్వను కొట్టేవాడు. ఒకసారి మండుతున్న కట్టెతో కొడితే ఆమె ఎడమ భుజం మీద అరచేయంత మచ్చ పడింది. మళ్లీ కొడుకు పోశన్నను మెడ మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడు కూడా ఆ మహానుభావుడే.

యాభై ఏడు డిసెంబరులో, చెరుకు గానుగ పడ్డ రోజుల్లో జరిగింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్లు మైలు పొడుగున బారు తీరేవి. ఒక్కోసారి రెండు రోజులు నిలబడాలి. నిలబడిన కొద్దీ చెరుకు ఎండుతుంది, తూకం తగ్గుతుంది. అందుకని బారులో ఒక కట్టుబాటు ఉండేది. ముందు బండి మనిషి తిండికో నీళ్లకో పోతే, వెనక బండి మనిషి ఆ బండిని కూడా ముందుకు జరపాలి. దాన్ని దాటిపోకూడదు. తల్లి చచ్చినా దాటకూడదు అనుకునేవాళ్లు మా వాళ్లు.

రాజలింగు ముందున్నది మా ఊరి ఆశన్న బండి. ఆశన్న ఎడ్లకు నీళ్లు తేను పోయాడు. అతని తండ్రి దేవిదాస్, అప్పటికే అరవై దాటిన మనిషి, బండి పక్కన నీడలో కునుకు తీస్తున్నాడు. బారు కదిలింది. రాజలింగు ఆశన్న బండిని జరపలేదు. తన బండిని పక్కకు తోలి దాటించబోయాడు. ముసలాయన లేచి వచ్చి కాడి పట్టుకున్నాడు. "వరుస తప్పుతవారా రాజలింగూ?" అన్నాడు. రాజలింగు చేతిలో ముల్లుగర్ర ఉంది, ఎడ్లను పొడిచే మేకు దిగేసిన కర్ర. దాంతో పొడిచాడు. మేకు ముసలాయన కుడి కంట్లో దిగింది.

ఆశన్న నీళ్ల దగ్గర నుంచి వచ్చేసరికి తండ్రి దుమ్ములో కూర్చుని మొహం చేతులతో మూసుకుని ఉన్నాడు, వేళ్ల సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారుతోంది. అప్పుడే ఫ్యాక్టరీలో షిఫ్టు మారే పగటి రెండు గంటల కూత కూసింది. ఆశన్న బండిలోంచి చెరుకు కొట్టే కత్తి లాగి రాజలింగు మెడ మీద కొట్టాడు. ఒకసారి కాదు, కూత ఆగేదాకా కొట్టాడు.

శవాన్ని చెరుకు మీదే వేసి ఊరికి తెచ్చారు, బారులో జరిగిందంతా తెచ్చినవాళ్లే ముత్తవ్వకు చెప్పారు. నాకప్పుడు పన్నెండేళ్లు. మా అమ్మ కొంగు పట్టుకుని నిలబడి ముత్తవ్వ శోకం విన్నాను. అలాంటి కథ చెప్పడం ఆ తర్వాత నేనెక్కడా వినలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"కత్తి లేసింది నా రాజలింగూ," అని మొదలుపెట్టింది. అక్కడే ఆపింది. "కత్తి లేసినప్పుడు నేనేం జేస్తున్ననో ఇను. నీకు రొట్టె చేస్తున్న." రొట్టె నుంచి పెళ్లికి పోయింది, పెళ్లి నుంచి వాడు పుట్టిన పూటకు పోయింది, వాడి తల్లి పురిటి నొప్పులు చెప్పింది. మధ్యమధ్య "కత్తి ఇంకా మీదనే ఉన్నది" అనేది. అందరం తలెత్తి పైకి చూశాం, నిజంగా చూశాం! "నన్ను కొట్టింది గీ చెయ్యే, నా కొడుకును ఎత్తుకున్నదీ గీ చెయ్యే, ఏ చెయ్యి కోసం ఏడ్వాలె నేను?" అంది. కత్తి ఒక్క క్షణంలో దిగింది. ఆ క్షణాన్ని ఆమె గంటసేపు గాలిలో పట్టి నిలబెట్టింది. కాలాన్ని సాగదీయడం అంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది.

చివరికి బండ్ల బారు దగ్గరికి వచ్చింది. "ముసలోడు కాడి పట్టుకుంటె కంట్లె పొడిస్తివి గద, నీ బాపసొంటోని కన్ను తీస్తివి గద..." అంది.

రాజలింగు అన్న రామ్‌దాస్ ఒక్క అంగలో వచ్చి ఆమె నోటి మీద కొట్టాడు. కింది పెదవి చీలి పళ్ల మీదికి నెత్తురు వచ్చింది. "పోలీసులు బయటనే ఉన్నరు. ఇంకో మాట మాట్లాడితె నిన్ను గూడ వానితోనే కాలవెడ్త," అన్నాడు. ముత్తవ్వ నెత్తురు మింగింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు, "రెండు గంటల కూత కూసింది నా రాజలింగూ..." అని అక్కడి నుంచి ఎత్తుకుంది.

కోర్టులో రామ్‌దాస్, వాళ్ల మనుషులు ఇద్దరూ కూత దగ్గర నుంచే చెప్పారు. కన్ను ఎట్లా పోయిందని అడిగితే, పెనుగులాటలో ఆశన్న కత్తే తగిలిందన్నారు. ఆశన్నకు యావజ్జీవం పడింది. ఒంటికన్ను దేవిదాస్‌నూ, ఆశన్న కూతురు భీమవ్వనూ ధర్పల్లి దగ్గరి చుట్టాలు తీసుకుపోయారు. మా ఊళ్లో ఆ కన్ను సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు.

పోశన్న పెరిగాడు. తండ్రి ఎట్లా పోయాడని అడిగిన ప్రతిసారీ ముత్తవ్వ కూత దగ్గర నుంచే చెప్పేది. నాలుగేళ్ల పిల్లవాడికి నీ బాపు ముసలాయన కన్ను పొడిచాడని ఏ తల్లి చెబుతుంది? తర్వాత చెబుదామనుకుంది. ఆ తర్వాత అనేది ఎప్పుడొస్తుంది చెప్పండి.

ఇక నా ఘనకార్యం. అరవై ఎనిమిదిలో నాకు నిజామాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, దాంతోపాటు రాసే పిచ్చి కూడా పట్టింది. ముత్తవ్వ కథే రాశాను. పేరు 'రెండు గంటల కూత'. మొదటి వాక్యం: "కూత కూసింది, కత్తి లేచింది." అంతా జరుగుతున్నట్టే రాశాను, 'లేచింది' తర్వాత 'లేస్తోంది', 'దిగుతోంది', 'చిమ్ముతోంది'. కన్ను సంగతి నాకు తెలుసు. శోకం విన్నదాన్ని కదా. ముందు ఆ ముక్కతోనే రాసి, చప్పగా ఉందని కొట్టేశాను. బడిలో నాతోపాటు పనిచేసే మెహరున్నిసా చదివి, "ఉన్నట్టుండి అంత కోపం ఎందుకొచ్చింది అతనికి?" అని అడిగింది. "కథలో అన్నీ చెప్పకూడదమ్మా, అది టెక్నిక్కు," అన్నాను. సిగ్గులేని మొహం నాది.

ఒక వారపత్రిక వేసింది. నేను పత్రిక పట్టుకుని ఊరికి ఉరికాను. పోశన్నకు పదిహేనేళ్లు అప్పుడు. ఐదు దాకా చదివాడు, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ గడప మీద కూర్చుని పైకి చదివాడు. ముత్తవ్వ చివరిదాకా విని, "ముందుగాలది ఏదే రేణుకా?" అంది మెల్లగా.

"మధ్యలకెల్లి మొదలు పెడితెనే కథ బాగుంటది అక్కా," అన్నాను నవ్వుతూ.

ఆమె కొడుకు వైపు చూసింది. వాడి దవడలు బిగుసుకుని ఉన్నాయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. లేచి పొయ్యి మీద చాయ్ పెట్టింది. నా కథ నచ్చిందనుకున్నాను నేను! పోశన్న ఆ పేజీని చించి నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో పెట్టుకున్నాడు. అంగీలు మారాయి కానీ ఆ కాగితం జేబులోంచి పోలేదు.

డెబ్బై రెండులో, శివరాత్రికి ముందు ఆశన్న విడుదలయ్యాడు. ధర్పల్లిలో తండ్రి దగ్గరికి పోయాడని తెలిసింది. ఆ రాత్రే పోశన్న చెరుకు కత్తి తీసి బండ మీద నూరడం మొదలుపెట్టాడు.

ముత్తవ్వ నూరుతున్న చప్పుడు విని లేచి వచ్చింది. మొగుణ్ణి కత్తి తీసుకుపోయింది, ఇప్పుడు కొడుకును జైలు తీసుకుపోతుంది. ఆమెకు మిగిలింది వాడొక్కడే. ఎదురుగా కూర్చుని, పద్నాలుగేళ్లుగా మింగిన ముక్కను కక్కింది. బారు, కాడి, ముల్లుగర్ర, ముసలాయన కన్ను, అన్నీ చెప్పింది. జాకెట్టు జరిపి భుజం మీది మచ్చ కూడా చూపించింది.

పోశన్న నూరడం ఆపలేదు. "గిన్నేండ్లు లేని కన్ను గిప్పుడు యాడికెల్లి వచ్చిందే అవ్వా?" అన్నాడు.

"నా కొడుకా, నీ మీద ఒట్టు. ముందుగాల పొడిసింది నీ బాపే."

వాడు జేబులోంచి కాగితం తీసి ఆమె మొహం ముందు ఆడించాడు. "గీండ్ల ఉన్నదా కన్ను? సదువుకున్న మనిషి రాసింది. అచ్చేసిండ్రు. అచ్చుల ఉన్నది అబద్ధమా, నువ్వు జెప్పేది అబద్ధమా? నన్ను ఆపనీకి సచ్చిన నా బాపు మీద నింద ఏస్తవా?"

కాళ్లు పట్టుకుంటే తన్ని వదిలించుకున్నాడు. తల్లిని లోపలికి నెట్టి బయట గొళ్లెం పెట్టాడు. తెల్లారగానే మొదటి బస్సుకు పోయాడు. ముత్తవ్వ రోకలితో తలుపు పగలగొట్టింది. చెక్క పేళ్లు దిగి రెండు అరచేతులూ చీరుకుపోయాయి. ఆ చేతులతోనే నిజామాబాద్ వచ్చి, పది గంటలకు మా బడి గేటు దగ్గర నిలబడి నన్ను పేరు పెట్టి అరిచింది.

"నువ్వు రాసినవ్ గదా చెల్లె. నువ్వే చెప్పు వానికి. వాడు నీ మాట ఇంటడు. నా మాట ఇంటలేడు."

హాజరు పుస్తకం బల్ల మీదే వదిలేసి ధర్పల్లి బస్సెక్కాం.

ఇక్కడ ముత్తవ్వ దగ్గర నేర్చుకున్న విద్య వాడతాను. తప్పయితే క్షమించండి. తర్వాత ఆశన్న కూతురు భీమవ్వ చెప్పిందీ, నేను చూసిందీ కలిపి చెబుతున్నాను.

ధర్పల్లిలో ఆశన్న వాకిట్లో తండ్రికి స్నానం చేయిస్తున్నాడు. దేవిదాస్‌కు రెండో కంటికి కూడా పొర కమ్మి, ఏమీ కనిపించదు. పోశన్న పొద్దుటి నుంచి ఇల్లు వెతికి వెతికి, దడి తోసుకుని లోపలికి వచ్చాడు. "రెండు గంటల కూత యాదికున్నదా?" అన్నాడు.

ఆశన్న చెంబు పట్టుకునే వాడి వైపు చూశాడు. "రాజలింగు కొడుకువా? గదే మొకం," అన్నాడు. "మా బాపు తానం కానియ్యి బిడ్డా. తర్వాత నీ ఇష్టం. గని కూత కాదు, కూత కన్న ముందు..."

కత్తి లేచింది.

కత్తి లేచినప్పుడు మా బస్సు డిచ్‌పల్లిలో ఆగి ఉంది. డ్రైవరు దిగి చాయ్ తాగుతున్నాడు. ముత్తవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి అతణ్ణి నోటికొచ్చినట్టు తిడుతోంది. కత్తి ఇంకా మీదనే ఉంది. నేను కొట్టేసిన నాలుగు వాక్యాలను మనసులో మళ్లీ కూడబలుక్కుంటున్నాను, పోశన్న కనపడగానే ఏ మాటతో మొదలుపెట్టాలా అని. బస్సు కదిలింది. కత్తి ఇంకా మీదనే ఉంది. నా చేతనైతే ఈ కథను ఇక్కడే ఆపేసి, ఆ కత్తిని అట్లాగే పైన ఉంచి, ముత్తవ్వనూ నన్నూ ధర్పల్లిలో దింపి, ఆ దడి దాకా పరిగెత్తించి వాడి చెయ్యి పట్టుకునేదాన్ని. ఎంత సాగదీసినా అది కాగితం మీదే.

మొదటి దెబ్బ మెడకు భుజానికి మధ్య పడింది. చెంబు ఎగిరి గోడకు కొట్టుకుంది. ఆశన్న చేతులు అడ్డం పెట్టలేదట. రెండో దెబ్బకు ముందుకు వంగి తండ్రి ఒళ్లో పడ్డాడు. పోశన్న మూడోది కొట్టాడు, నాలుగోది కొట్టాడు, గంగాళంలో నీళ్లు ఎర్రబడ్డాయి. ముసలాయన ఒంటి మీద వేడివేడిగా కారుతుంటే నీళ్లే అనుకున్నాడు. "నీళ్లు మస్తు కాగినయ్ రా ఆశన్నా, సల్లనీళ్లు కలుపు," అన్నాడు. తర్వాత చేతులతో తడిమాడు. కొడుకు తల వేళ్లకు తగిలింది. అప్పుడు మొహం పైకెత్తాడు. కుడి కన్ను ఉండాల్సిన చోట లోతుకు పోయిన గుంట, దాని చుట్టూ పాత కుట్ల గీత. ఆ గుంటను చూశాక పోశన్న చేతిలోంచి కత్తి జారిపోయింది. పారిపోలేదు. పోలీసులు వచ్చేదాకా దడి పక్కనే నిలబడ్డాడు.

మేం పోయేసరికి జనం మూగి ఉన్నారు. ముత్తవ్వ కొడుకు కోసం వెతకలేదు. తిన్నగా పోయి ఆశన్న శవం పక్కన కూర్చుని శోకం ఎత్తుకుంది. వద్దు అక్కా అన్నాను, వినలేదు. భీమవ్వ ఆమెను గుర్తుపట్టి, "కొడుకును పంపి సంపించి ఏడ్వనీకి వచ్చినవా ముండా!" అని జుట్టు పట్టి వాకిలంతా ఈడ్చింది. కడుపులో తన్నింది, మొహం మీద గుద్దింది. పాత పెదవి మళ్లీ చీలింది. ముత్తవ్వ ఈసారి నెత్తురు మింగలేదు, ఉమ్మేసింది. ఉమ్మేసి, పాకుతూ శవం దగ్గరికి వచ్చి, "బారుల నిలబడ్డవ్ ఆశన్నా, వరుస తప్పలేదు నువ్వు. వరుస తప్పింది నా మొగడు. నీ బాపు కంట్లె ముల్లుగర్ర పొడిసింది నా మొగడు. నేను ఎరికుండి దాసిన," అని అందరి ముందు చెప్పింది. భీమవ్వ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ముసలాయన తల ఊపుతూ, "అవ్, అవ్, గట్లనే అయింది," అన్నాడు. పద్నాలుగేళ్లలో అతను చెప్పిన ఆ మాట నమ్మినవాళ్లు ఒక్కరూ లేరు.

పోశన్నకు యావజ్జీవం పడింది. ముత్తవ్వ ఇప్పటికీ చెరుకు కోతకు పోతుంది, చావులకు మాత్రం పోదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది, నాలుగు తిట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది. కోర్టులో నేను నిలబడి కన్ను సంగతి చెప్పాను. సర్కారు వకీలు నా కథే తెచ్చి నా చేతికిచ్చి, "ఇందులో లేదేమమ్మా?" అని అడిగాడు.

కానీ ఆ రోజు సాయంత్రం ఠాణాలో జరిగింది చెప్పాలి. ఇన్‌స్పెక్టరు మమ్మల్ని ఐదు నిమిషాలు చూడనిచ్చాడు. ముత్తవ్వ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నేను ఊచల దగ్గరికి పోయాను. పోశన్న అంగీ మీద నెత్తురు ఎండి అట్టలా గట్టిపడింది. జేబులోంచి కాగితం తీసి ఊచల సందులోంచి నా చేతికిచ్చాడు. మడతలు అంటుకుపోయి తెరుచుకోలేదు.

"చిన్నమ్మా," అన్నాడు. "ఆ ముసలోని కన్ను ఎట్ల పోయింది?"

చెప్పాను. బారు చెప్పాను, కట్టుబాటు చెప్పాను, నీళ్లకు పోయిన ఆశన్నను చెప్పాను. కాడి పట్టుకున్న ముసలాయననూ, మేకు దిగిన కర్రనూ చెప్పాను. ఏదీ వదలలేదు, ఏదీ ముందువెనకలు చెయ్యలేదు. వాడు కళ్లార్పకుండా విన్నాడు. "అప్పుడు రెండు గంటల కూత..." అనగానే చెయ్యెత్తాడు.

"ఇగ ఆపు చిన్నమ్మా," అన్నాడు. "గీడికెల్లి నాకు ఎరికే."